సగం అమ్మిన కల

పట్నంలో ప్యో గారి మందుల కొట్లో గాజుబల్ల మీద రెండు రేకులు పక్కపక్కన ఉన్నాయి. రెండిట్లోనూ ఇరవై ఒక్క మాత్రలు. రోజుకొకటి మింగి, ఏడు రోజులు ఆపి, మళ్ళీ కొత్త రేకు మొదలెట్టాలి. కడుపు రాకుండా ఆపడంలో రెండూ ఒకటే. కాకపోతే ఒకదాని ధర పెడితే రెండోది రెండు రేకులొస్తాయి, పైన ఓ సోజు సారా సీసా కూడా వస్తుంది.

మన్‌సొక్ నెలనెలా కొనేది ఖరీదైనది. ఆ రోజు అతని వేలు చౌక రేకు మీద ఆగింది.

"మీ ఆవిడకి అది పడదు గదయ్యా" అన్నాడు ప్యో గారు, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ.

"ఈ యేడు ఎవరికి ఏం పడుతోందండీ" అన్నాడు మన్‌సొక్.

ముసలాయన నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు. దేశం మొత్తం దివాళా తీసి, అప్పు తీర్చమని ఆడవాళ్ళు పెళ్ళి ఉంగరాలు కూడా తీసి సర్కారుకిచ్చేస్తున్న యేడు అది. దీవిలో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డు యజమాని కూలిలో మూడో వంతు కోసి, అదేదో దేశసేవ అన్నట్టు అందర్నీ నిలబెట్టి ఉపన్యాసమిచ్చాడు. ఎవడి ఉంగరం ఎక్కడికి పోయిందో గాని, మెబాంగ్ దీవిలో మాత్రం అందరి పళ్ళేల్లోనూ చేప ముక్కలు చిన్నవయ్యాయి.

ప్యో గారు చెప్పాల్సిందంతా చెప్పాడు. చౌకదని మందులో లోపమేమీ లేదు. పాత రకం, అంతే. కొందరికి కడుపులో తిప్పుతుంది. మింగిన మూడు నాలుగు గంటల్లో వాంతయితే ఆ మాత్ర పోయినట్టే, ఇంకోటి వేసుకోవాలి. అందుకని విడిగా ఓ రేకు దగ్గరుంచుకోవాలి. పరగడుపున కాకుండా సాయంత్రం అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. "ఇది మీ ఆవిడకి చెప్పు. మర్చిపోకు" అని రేకుని అట్టపెట్టెలోంచి తీసి, పడవలో ఎవరి కంటా పడకుండా ఎప్పటిలాగే పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు.

మన్‌సొక్ తలూపాడు. తలూపడానికి ఖర్చేం లేదు.

పడవ దీవికి చేరేలోపు ఆలోచించాడు. ఆమెకి ఇదంతా చెప్పాలంటే ముందు చౌకది కొన్నానని చెప్పాలి. అది చెబితే మిగిలిన డబ్బు సంగతి వస్తుంది. ఆ డబ్బు రేవులోనే రెండు గ్లాసుల సోజు అయిపోయింది. కాబట్టి చెప్పలేదు. జరిగిందింతే. పెద్ద పాపాలకి పెద్ద మనుషులు కావాలి. మన్‌సొక్ లాంటి వాళ్ళవి ఇలాగే, రెండు గ్లాసుల మందం పాపాలు.

అతని భార్య పేరు సొబున్. మళ్ళీ ఆడపిల్లేనా అని పుట్టిన రోజున కన్నవాళ్ళు నిట్టూర్చి పెట్టిన పేరు. నలభై ఒకటో యేడు నడుస్తోంది. మొదటి కాన్పులో హేరన్ పుట్టింది, ఇప్పుడు మాసాన్‌లో నూలు మిల్లులో పనిచేస్తోంది. రెండో కాన్పులో బిడ్డ పోయింది. సొబున్ ఒంట్లో రక్తమంతా ఆస్పత్రి పరుపు మీదకి కారిపోయింది. బతికిందంటే అది డాక్టరుకే ఆశ్చర్యం. ఆయన మన్‌సొక్‌ని బయటకి పిలిచి, మళ్ళీ కడుపొస్తే ఈ మనిషి నీకు దక్కదు అని తేల్చి చెప్పాడు. పిల్లలు పుట్టకుండా చెయ్యడానికి ఆమె పొట్ట మళ్ళీ కొయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు. మరి నువ్వు చేయించుకో, చిన్న కోతే అంటే, మన్‌సొక్ ససేమిరా అన్నాడు. మగాడి మీద కత్తి పడితే ఆల్చిప్పలు పెంచే తెప్పల మీద నిలబడి పనిచేసే సత్తువ పోతుందని రేవులో ఎవడో చెప్పాడట. అలా ఆమె ప్రాణం ఇరవై ఒక్క మాత్రల రేకులోకి వచ్చి పడింది.

ఆమె తెల్లారకముందే షెడ్డుకి పోయి, ఆల్చిప్పలు ఒలిచి, మందుల కొట్టు మూసే వేళకి గాని పని మీంచి లేచేది కాదు. అందుకని మాత్రలు తెచ్చే పని మన్‌సొక్‌ది. పడవలో మిగతా మగాళ్ళు అతన్ని చూసి, అన్న రేకు తేవడానికి బయల్దేరాడు అని వెక్కిరించేవాళ్ళు. అది కూడా అతని కడుపులో మంటే.

పొద్దున్నే చన్నీళ్ళతో మాత్ర మింగి, ఎర్ర రబ్బరు బూట్లు తొడుక్కుని ఆమె వెళ్ళిపోయేది. డిసెంబరులో ఒకనాడు తెప్పల నుంచి బస్తాలు దింపడానికి షెడ్డుకెళ్ళిన మన్‌సొక్, చిప్పల గుట్ట వెనక ఆమె గోడ పట్టుకుని వాంతి చేసుకోవడం చూశాడు. వాసన పడలేదు అంది మూతి తుడుచుకుంటూ. ఇరవై ఏళ్ళుగా అదే వాసన పీలుస్తున్న మనిషి.

అతను లోపల గంటలు లెక్కేసుకున్నాడు. మాత్ర మింగి ఇంకా రెండు గంటలు కాలేదు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. అక్కడ ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు, ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాడు. ఇంటికెళ్ళాక రేపు చెబుదామనుకున్నాడు.

రెండో రేకు అయిపోవస్తుండగా, సొబున్ పనికి వెళ్ళిపోయాక మళ్ళీ కునుకు పట్టిన తెల్లవారుజామున, మన్‌సొక్‌కి కల వచ్చింది.

సముద్రంలోంచి ఒక తాబేలు ఎక్కి వచ్చింది. వీపు గంజి కాచే కళాయి అంత. నీళ్ళ నుంచి ఇంటికొచ్చే మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి, వాకిట్లో చెప్పులు విడిచే రాయి దాటి, లోపల వెల్లుల్లి ఒలుస్తున్న సొబున్ ఒళ్ళోకి చేరింది. పసిపిల్ల పెట్టినట్టు తల ఆమె మోకాలి మీద పెట్టింది. ఆమె దాని తల నిమిరింది. అక్కడితో మెలకువ వచ్చుంటే బాగుండేది. రాలేదు. తాబేలు ఒళ్ళోంచి దిగింది. రాయి మీదున్న ఆమె ఎర్ర బూట్లు రెండూ నోట కరుచుకుని, వచ్చిన దారినే దిగి నీళ్ళల్లోకి పోయింది. బూట్లు కాసేపు నీళ్ళ మీద నిలబడ్డాయి. ఎవరో తొడుక్కున్నట్టు నాలుగడుగులు నడిచాయి. ఆ తర్వాత మునిగాయి.

లేచి కూర్చున్నాడు. 

అది బిడ్డ కల. వేరే ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ దీవిలో ఎవరింట్లో కడుపు పండబోతున్నా ముందు ఆ ఇంట్లో ఒకరికి కల రావాల్సిందే. పులి వస్తుంది, పండు వస్తుంది, పాము వస్తుంది. హేరన్‌కి ముందు అతని తల్లికి మనిషంత పొడుగు వాలుగ చేప వచ్చింది. ఒళ్ళోకి వచ్చి చేరిందంటే ఇక అనుమానమే లేదు. మరి బూట్లు పట్టుకుపోవడమేంటో అది కూడా అతనికి అర్థమైంది. ఆ బూట్లు తొడుక్కునే మనిషి ఉండదు.

తలుపు తీశాడు. వాకిలంతా మంచు గడ్డకట్టి తెల్లగా ఉంది. చెప్పులు విడిచే రాయి మీద, ఆమె బూట్లు పెట్టే చోట మాత్రం తడిగా నల్లగా ఉంది. వేలు పెట్టి నాలిక మీద రాసుకున్నాడు. ఉప్పు.

బిడ్డ కల వద్దనుకున్నవాడికి దారొకటుంది. అమ్మేసుకోవాలి. ఇంకెవరికీ చెప్పకముందే అమ్మాలి. కొనేవాడు ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, చేతిలో పెట్టాలి. అమ్మేవాడు మొదటి నుంచి చివరి దాకా కలంతా చెప్పాలి. కొన్నాను అన్న మాట పడగానే కల చెయ్యి మారుతుంది.

ఆ పొద్దున తెప్ప మీద తాడు లాగుతూ, తోటి పనివాడు యొంగ్‌పల్‌తో అన్నాడు, నీకో కల అమ్ముతాను కొంటావా అని. యొంగ్‌పల్ అతనికంటే పదేళ్ళు చిన్నవాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేరు. అతని భార్య కేసున్ తాగని కషాయం లేదు.

"పంది కలా అన్నా? అయితే చెప్పు, లాటరీ కొంటా."

"కాదురా. బిడ్డ కల."

యొంగ్‌పల్ చేతిలో తాడు ఆగిపోయింది.  ఎగతాళి చేస్తున్నావా అన్నాడు. కాదన్నాడు మన్‌సొక్. మరి నీకెందుకొద్దు అన్నాడు.

"మీ వదిన సంగతి తెలుసుగా."

అందరికీ తెలిసిందే. యొంగ్‌పల్ చేతి తొడుగులు విప్పి, వాళ్ళన్న జపాన్ నుంచి తెచ్చిచ్చిన లైటరు జేబులోంచి తీసి పట్టుకున్నాడు. మన్‌సొక్ చెప్పడం మొదలెట్టాడు. తాబేలు, మెట్లు, వెల్లుల్లి, ఒడి. తల మోకాలి మీద పెట్టడం, ఆమె నిమరడం. అక్కడికొచ్చేసరికి యొంగ్‌పల్ కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా అయిపోయాయి.

"తర్వాత?"

బూట్ల సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఎవడు కొంటాడు.

"తర్వాతేముంది. మెలకువొచ్చేసింది."

"కొన్నానన్నా" అన్నాడు యొంగ్‌పల్, లైటరు అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూస్తూ.

మాత్రలు ఆపిన ఏడు రోజుల్లోనే సొబున్‌కి నెలసరి వచ్చింది. ఆరోజు మన్‌సొక్ రేవులో కూర్చుని ఒంటరిగా నవ్వుకున్నాడు. గండం గడిచింది, కల అవతలి ఇంటికి పోయింది. ఇక భయమేముందని మూడో నెల కూడా చౌక రేకే తెచ్చాడు. అలాంటి మనిషి మరి.

కాని రాయి మీద తడి పోలేదు. రోజూ పొద్దున్నే ఉంటోంది. పైకప్పు నుంచి కారుతోందేమో అంది సొబున్. వాన లేదు, మంచు కురవలేదు. ఆ తర్వాత బూట్లు జరగడం మొదలెట్టాయి. ఆమెకి సెలవైన రోజున చూశాడు. రాత్రి గోడ వారగా పెట్టిన జత, పొద్దునకి రాతి అంచుకి బెత్తెడు దగ్గరగా ఉంది. ముందువైపు సముద్రానికి తిరిగి ఉంది. వెనక్కి నెట్టాడు. తర్వాతి సెలవు పొద్దునకి ఇంకో బెత్తెడు. నువ్వా జరిపింది అని అడిగితే, బూట్లు జరుపుతూ కూర్చునే తీరిక నాకెక్కడిదయ్యా అంది.

ఫిబ్రవరిలో కేసున్‌కి నెల తప్పింది. పట్నం వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చారు. యొంగ్‌పల్ దీవంతా తిరిగి చెప్పాడు. మన్‌సొక్ ఇంటికి పంది మాంసం పట్టుకొచ్చి, అన్నా అంటూ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ వెనకే కేసున్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం నిండుగా ఉంది. సొబున్ లోపల కిమ్చి ఊరగాయ కోస్తోంది. కేసున్ గొంతు తగ్గించింది.

"బావా, నీ కలలో ఇంకేమైనా ఉందా?"

"ఏం లేదే. ఏమైంది?"

"ఇప్పుడు నాకూ వస్తోంది. నా ఒళ్ళోనే కూర్చుంటుంది. వెచ్చగానే ఉంటుంది. కాని తల ఇటు పెట్టదు. ఎప్పుడూ వాకిలివైపే చూస్తుంది, ఏదో మర్చిపోయి వచ్చినట్టు."

మన్‌సొక్ లైటరు వెలిగించబోయాడు. వెలగలేదు. మూత లోపలి నుంచి రెండు నీటి బొట్లు అతని బొటనవేలి మీద రాలాయి.

మర్నాడంతా తెప్ప మీద అతనికి ఒకటే ఆలోచన. అమ్మింది సగమే. బిడ్డ ఉన్న సగం అటు పోయింది. బూట్లున్న సగం తన దగ్గరే మిగిలింది. ఎటు చూసినా పోయేది సొబునే. సాయంత్రం యొంగ్‌పల్ ఇంటికెళ్ళాడు. మిగిలింది కూడా చెప్పేసి వదిలించుకోవాలని. కేసున్ అరుగు మీద కూర్చుని పుల్లటి నారింజలు తింటోంది, తొక్కలు ఒళ్ళో పేర్చుకుంటోంది. యొంగ్‌పల్‌ని గోడ వారకి పిలిచి, ఆ కలలో ఒక ముక్క చెప్పడం మర్చిపోయాను రా అన్నాడు.

యొంగ్‌పల్ అతని మొహం చూశాడు. 

"నేను కొన్నది నాకు చాలన్నా. వస్తువిచ్చాను, మాట అన్నాను. మిగిలింది నీది."

ఇంకో మాట లేకుండా లోపలికెళ్ళి తలుపు లాగేసుకున్నాడు.

మర్నాడు మన్‌సొక్ పని మానేసి పడవెక్కాడు. ప్యో గారి కొట్లో ఖరీదైన రేకు చూపించి, ఇక ఇదే ఇవ్వండి అన్నాడు. ఏదో ఒకటి వెనక్కి తిప్పాలి, అది ఒక్కటే అతని చేతిలో ఉంది.

ముసలాయన రెండు రేకులూ మళ్ళీ గాజుబల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఇప్పుడు మార్చడమెందుకు, ఆవిడకి చౌకదే అలవాటైందిగా అన్నాడు. మన్‌సొక్‌కి అర్థం కాలేదు. ప్యో గారు తాపీగా చెప్పాడు. మొదటి నెలలోనే సొబున్ షెడ్డు నుంచి ఫోన్ చేసిందట. వాంతయితే ఏం చెయ్యాలని అడిగితే, మీ ఆయనకి అన్నీ చెప్పి పంపాను గదమ్మా అన్నాడట.  మళ్ళీ ఇంకోసారి చెప్పించుకుని, విడి రేకొకటి పడవ నడిపే అతని భార్య చేత తెప్పించుకుందట. కొన్నాళ్ళు పొద్దునా సాయంత్రమా అని సర్దుకుని, చివరికి సాయంత్రానికి మార్చుకుందట. ఇప్పుడు తిప్పడం లేదట.

"జాగ్రత్త గల మనిషి" అన్నాడు ప్యో గారు. "నీకు చెప్పలేదా?"

మన్‌సొక్ రెండు రేకులకేసి చూస్తూ నిలబడ్డాడు. చౌకది తీసుకెళ్తే మూడు నెలల అబద్ధానికి నాలుగో నెల. ఖరీదైనది తీసుకెళ్తే నేరం ఒప్పుకున్నట్టు. ఖరీదైనదే తీసుకున్నాడు. దాన్నొక మంచిపని అనుకున్నాడు కూడా, పడవ దీవి చేరేదాకా.

సొబున్ పేపరు విప్పింది. రేకుని వెలుతురుకి పట్టి చదివింది. పాత బిస్కట్ల డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఎప్పుడు తెలుసు నీకు?" అన్నాడు మన్‌సొక్.

"మొదటి రోజే. రేకు మీద పేరు రాసుంటుందయ్యా. నాకు చదువొచ్చు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశా." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "చౌకదైతే చౌకదే తింటాను. చెప్పుంటే నేనే చౌకది తెమ్మనేదాన్ని. నేను వాంతి చేసుకుంటుంటే పక్కన నిలబడి చూశావు గదా, ఆరోజు. నీ మొహంలో కనపడింది, లెక్కేసుకుంటున్నావని. అప్పుడైనా చెప్తాడులే అనుకున్నా. మూడు నెలలు చూశా."

చెప్పడానికి అతని దగ్గర ఒక్కటే ఉంది, బూట్ల సంగతి. అది చెబితే మిగిలిన ఆ సగం కల విన్న ఆమె మీదకే పోతుంది. మొదటిసారి అతనికి నోరు మూసుకోవడానికి ఒక మంచి కారణం దొరికింది. ఆమెకి మాత్రం అది ఎప్పటి నోరు మూసుకోవడం లాగే కనపడి ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి ఇంట్లో ఆమె బట్టల సంచి లేదు. బిస్కట్ల డబ్బా లేదు. అన్నం వండి మూత పెట్టి ఉంది. వాకిట్లో రాయి మీద ఎర్ర బూట్లు లేవు. రాయి నుంచి మెట్ల మీదుగా నీళ్ళదాకా ఒక తడి చార ఉంది, బరువైనదేదో కడుపు మీద పాకినట్టు.

మన్‌సొక్ ఆ చార వెంట మోకాళ్ళ లోతు దాకా నీళ్ళల్లోకి వెళ్ళి ఆమె పేరు పెట్టి అరిచాడు. పక్కింటి ముసలమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, నీ పెళ్ళాం పన్నెండింటి పడవకి వెళ్ళిందిగా, చేపల్ని పిలుస్తావేం అంది.

అయినా అతను నమ్మలేదు. మూడు రోజులు పనికి పోకుండా రేవులో కూర్చుని, నీళ్ళల్లో ఎర్రగా ఏది తేలినా లేచి నిలబడ్డాడు. నాలుగో రోజు షెడ్డుకి ఫోన్ వచ్చిందని పిలిచారు.

సొబునే. మాసాన్‌లో హేరన్ దగ్గర ఉన్నానంది. మిల్లు క్యాంటీన్లో పని దొరికిందంది. ఇక రానంది. అన్నీ ఒకే గుక్కలో, కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది. బతికుంది. 

"బూట్లు వేసుకెళ్ళావా?" అన్నాడు.

"ఏం బూట్లు?"

"నీ ఎర్ర బూట్లు."

"పట్నం వచ్చేదాన్ని రబ్బరు బూట్లెందుకు వేసుకుంటానయ్యా. రాయి మీదే వదిలేసి వచ్చా."

"ఇక్కడ లేవు."

 అవతల మిల్లు యంత్రాల చప్పుడు వినపడింది.

"లేకపోతే లేవు" అని పెట్టేసింది.

ఆ రోజు నుంచి మన్‌సొక్ తన బూట్లు వాకిట్లో విడవడం మానేశాడు. లోపల, తల దగ్గర పెట్టుకుని పడుకుంటున్నాడు. తలుపుకి గడియ వేస్తున్నాడు. మూడు పొద్దులు ఏమీ కాలేదు. నాలుగో పొద్దున లేచి చూస్తే గడియ వేసింది వేసినట్టే ఉంది, నేల పొడిగానే ఉంది. బూట్లు మాత్రం అతని తల దగ్గర లేవు. గుమ్మం దగ్గర, పక్కపక్కన, తలుపుకేసి తిరిగి ఉన్నాయి.

పనికి వేళయింది. ఉన్నది ఆ ఒక్క జతే. కాలు పెట్టాడు.

లోపల మడమ లోతు నీళ్ళున్నాయి. గోరువెచ్చగా ఉన్నాయి.